సక్యులెంట్ మొక్కలు: నీటి పద్ధతి

సక్యులెంట్లంటే ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే కలబంద, రణపాల, జెముడు, ఎడారి గులాబీ వంటి మొక్కలు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఇవి ఇళ్లకు చేరుతుంటాయి. చాలావరకు చచ్చేది ఎండకు కాదు, యజమాని ప్రేమకొద్దీ పోసే నీటికి.

వీటిలో ఎక్కువ మొక్కలు పత్రరంధ్రాలను రాత్రిపూట తెరుస్తాయి. అందువల్ల నీటి ఖర్చు తక్కువ. వేర్లకు గాలి కావాలి. డెల్టా ఒండ్రుమట్టి తడిని పట్టి ఉంచుతుంది కనుక అందులో ముతక ఇసుక, ఇటుక ముక్కలు సగానికి పైగా కలపాలి. అడుగున చిల్లు లేని కుండీ, ఎంత అందంగా ఉన్నా, పనికిరాదు.

నీరు పోసే ముందు మట్టిలో పుల్ల గుచ్చి చూడాలి. తడి మట్టి అంటితే ఆగాలి. పొడిగా వస్తే చిల్లులోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయాలి. రోజూ చెంచాడు చిలకరించడం తప్పు పద్ధతి. రోహిణీకార్తెలో వారానికోసారి పోయాల్సి రావచ్చు. ముసురు పట్టినప్పుడు రెండు మూడు వారాలు ముట్టుకోనక్కర్లేదు, కుండీని చూరు కిందికి జరిపితే చాలు. ఆకు ముడత పడితే దాహం. పసుపెక్కి మెత్తబడితే నీరెక్కువైనట్టు. అప్పటికే కాండం మొదలు కుళ్లితే, పైనున్న గట్టి కొమ్మ కోసి, నాలుగైదు రోజులు నీడన ఆరబెట్టి నాటుకోవాలి.