అడిగినవాడికల్లా జవాబిచ్చి

2024 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఒక చిన్న ప్రకటన చేసింది. ఎన్‌టీఎల్‌ఎం అథెంటికేషన్‌కు, దాని అన్ని రూపాలకూ కాలం చెల్లింది. పాతికేళ్ళకు పైగా ఆఫీసుల్లో పొద్దున్నే అవుట్‌లుక్ తెరుచుకున్నప్పుడు “ఈయన మనవాడే, లోనికి రానివ్వు” అని ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు ఎన్ని లక్షలసార్లో పూచీ పడింది అదే. ఆ పూచీయే చివరికి దొంగల చేతిలో పనిముట్టు అయింది. కథ ఎక్కడికి చేరుతుందో తెలుసు. అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే దారి మళ్ళించగలిగిన మలుపులు ఇందులో ఒకటి కాదు, రెండు కాదు.

1993లో విండోస్ ఎన్‌టీతో పాటు అది పుట్టింది. దానికి ముందున్న లాన్ మేనేజర్ పద్ధతి మరీ బలహీనం. పాస్‌వర్డ్‌ను పెద్దక్షరాల్లోకి మార్చి, 14 అక్షరాల దగ్గర కోసేసి, ఏడేసి అక్షరాల రెండు ముక్కలు చేసేది. ముక్కలను విడివిడిగా ఛేదించడం ఎవరికైనా తేలిక. ఆ ఇంట పుట్టినా ఎన్‌టీఎల్‌ఎం పుట్టుకలో ఒక గౌరవం ఉంది. ఆ రోజుల్లో పాప్ మెయిల్ క్లయింట్లు పేరునూ పాస్‌వర్డ్‌నూ ఉన్నవి ఉన్నట్టుగా తీగ మీద పంపేవి. ఎన్‌టీఎల్‌ఎం అలా పంపలేదు. సర్వర్ ఒక సంఖ్యను ప్రశ్నగా ఇచ్చేది. క్లయింట్ తన రహస్యంతో దాన్ని కలిపి లెక్కకట్టి జవాబు మాత్రమే పంపేది. యజమాని రహస్యాన్ని అది ఎన్నడూ నలుగురి మధ్యకు తీసుకురాలేదు. ఆ నిజాయితీని తలుచుకుంటే ఇప్పటికీ గుండె తడి అవుతుంది.

లోపాలు మాత్రం ఊయలలోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ నుంచి తీసిన హ్యాష్‌లో ఉప్పు, అంటే ప్రతి ఖాతాకూ వేరుగా ఉండే యాదృచ్ఛిక విలువ, కలపలేదు. అలా కలపడం యూనిక్స్ వాళ్ళకు 1979 నాటికే తెలుసు. పైగా ఆ హ్యాష్ చేతికి చిక్కితే చాలు, అసలు పాస్‌వర్డ్ తెలియాల్సిన పనే లేదని 1997లో తేలింది. ఇంతకంటే లోతైనది ఇంకొక లోపం. తనను ప్రశ్న అడుగుతున్నది ఎవరో అది తెలుసుకోలేదు. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు మనవాళ్ళు. వాటిలో నన్ను ఎప్పుడూ కలచివేసేది కవచకుండలాలను కోసి ఇవ్వడమే. అడగబోయేవాడు ఎవడో తండ్రి ముందే చెప్పినా కర్ణుడు ఇచ్చాడు. ఎన్‌టీఎల్‌ఎంకు ఆ చెప్పేవాళ్ళు కూడా లేరు.

2001లో సర్ డిస్టిక్ అనే మారుపేరున్న హ్యాకర్ ఆ లోపాన్ని అందరికీ కనిపించేలా చేశాడు. దొంగ మధ్యలో నిలబడతాడు. సర్వర్ ప్రశ్నను క్లయింట్‌కు అందిస్తాడు, క్లయింట్ జవాబును సర్వర్‌కు అందిస్తాడు. తలుపు తెరుచుకుంటుంది, లోపలికి వెళ్ళేది మాత్రం వాడు. ఇందులో ఒక్క భాగానికి, అంటే జవాబును అదే యంత్రం మీదికి తిప్పికొట్టడానికి, మందు వచ్చేసరికి 2008 నవంబరు అయింది.

అంతకుముందే, 1998లో, ఎన్‌టీఎల్‌ఎం రెండో రూపం వచ్చింది. ఏ రూపాన్ని పంపాలి, దేన్ని తిరస్కరించాలి అని సున్నా నుంచి ఐదు దాకా ఎంచుకునే సెట్టింగు కూడా వచ్చింది. ఐదు పెడితే లాన్ మేనేజర్, ఎన్‌టీఎల్‌ఎం మొదటి రూపం రెండూ గుమ్మం బయటే ఆగిపోతాయి. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీ సున్నాతోనే బయటికొచ్చింది. పాత యంత్రాలు నొచ్చుకోకూడదని.

మెయిల్ సర్వర్ దగ్గరకు వచ్చేసరికి నా బాధ ఇంకా పెరుగుతుంది. విండోస్ 2000తోనే కెర్బరోస్ ఇంటికి వచ్చింది. అది ఎమ్ఐటీలో పుట్టి పెరిగిన పద్ధతి. ఫలానా సర్వీసుకు అని పేరు రాసిన టికెట్ ఇస్తుంది కాబట్టి దాన్ని ఇంకొక గుమ్మం దగ్గర చూపడం కుదరదు. అవుట్‌లుక్ సెట్టింగుల్లో ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే చోటు ఉండేది. ‘నెగోషియేట్’ పెడితే ముందు కెర్బరోస్‌ను ప్రయత్నించి, కుదరకపోతే చడీచప్పుడు లేకుండా ఎన్‌టీఎల్‌ఎంకు జారుకునేది. ఎక్స్ఛేంజ్ 2010లో అవుట్‌లుక్‌లన్నీ ఒకే పేరు వెనక నిలబడిన అనేక సర్వర్లకు వచ్చేవి. ఆ ఉమ్మడి పేరుకు ఒక ఖాతా తెరిచి, సర్వీసు పేర్లు నమోదు చేస్తే తప్ప కెర్బరోస్ టికెట్ పుట్టదు. అందుకు కావలసినవన్నీ మొదటి సర్వీస్ ప్యాక్‌లోనే ఇచ్చారు. తెలిసినవాడికి ఒక సాయంత్రం పని. ఆ సాయంత్రం ఎన్నో చోట్ల రాలేదు. మెయిల్ ఆగి ఉంటే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. మెయిల్ ఆగలేదు. కెర్బరోస్ విఫలమైన ప్రతిసారీ ఈ ముసలి సేవకుడు లేచి వచ్చి ఆ పని చేసిపెట్టాడు. నా దృష్టిలో దాన్ని చంపింది ఆ విధేయతే.

2019 జనవరిలో డచ్ పరిశోధకుడు డిర్క్‌యాన్ మొలెమా చూపించినది ఇంకా భయంకరం. సామాన్యమైన మెయిల్‌బాక్స్ ఒకటి ఉన్నవాడు ఎక్స్ఛేంజ్ సర్వర్‌నే “నాకు ఈ చిరునామాకు నోటిఫికేషన్ పంపు” అని అడగవచ్చు. సర్వర్ అక్కడికి వెళ్ళి తన సొంత ఖాతాతో జవాబు చెప్పుకుంటుంది. ఆ జవాబును సంస్థ ఖాతాలన్నీ చూసుకునే డొమైన్ కంట్రోలర్‌కు మళ్ళిస్తే, ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చిన అతి అధికారాల వల్ల, సంస్థ మొత్తం వాడి గుప్పిట్లోకి వస్తుంది.

తర్వాత 2023 మార్చి. ఉక్రెయిన్ సైబర్ భద్రతా బృందం మైక్రోసాఫ్ట్‌కు తెలిపిన ఒక మెయిల్ సంగతి బయటికొచ్చింది. అందులో ఉన్నది గడువు దాటిన ఒక అపాయింట్‌మెంటు. దాని రిమైండర్ గంటకు ఏ శబ్దం మోగాలో చెప్పే చోట, బయటి సర్వర్‌లోని ఒక ఫైలు దారి రాసి ఉంది. మెయిల్ అందుకున్న మనిషి దాన్ని తెరవనక్కర్లేదు, చదవనక్కర్లేదు. గంట మోగించడానికి అవుట్‌లుక్ ఆ శబ్దం కోసం వెళ్ళేది, అక్కడి యంత్రం ఎవరని అడిగేది, ఎన్‌టీఎల్‌ఎం ఎప్పటిలాగే జవాబు చెప్పేది. రష్యాకు చెందిన ఒక ముఠా యూరప్‌లోని ప్రభుత్వ, రవాణా, ఇంధన, సైనిక సంస్థల మీద దీన్ని వాడిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎవరి పూచీ కోసం పుట్టిందో, వారి గుట్టునే అది శత్రువు చేతిలో పెట్టింది. దానికి ఆ సంగతి తెలియదు.

జవాబును దాన్ని మోసుకొచ్చిన కనెక్షన్‌తో ముడివేసే రక్షణ 2009లోనే విండోస్‌కు వచ్చింది. ఎక్స్ఛేంజ్ 2019లో అది దానంతటదే ఆన్ అయ్యేలా అప్‌డేట్ వచ్చింది 2024 ఫిబ్రవరిలో.

మెయిల్ సర్వర్లు చూసుకునే తెలుగువాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. మీరు వారిలో ఒకరైతే, ఈ వారం మీ లాగ్‌లు ఒకసారి తెరవండి. ఎన్‌టీఎల్‌ఎం పేరు ఇంకా ఎక్కడెక్కడ కనిపిస్తోందో రాసుకోండి. మూలనున్న పాత స్కానరు, ఎవరో ఎప్పుడో రాసిన స్క్రిప్టు, పేరుకు బదులు ఐపీ అడ్రసుతో వచ్చే యంత్రం, ఇలాంటివే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా మార్చండి. మార్చాక ఎన్‌టీఎల్‌ఎంను ఆపేయండి.