నాన్న పేరు చదివే వేళ

నవంబరు 2 సమాధుల పండుగ. బతుకుదెరువుకు హైదరాబాదుకో బీదరుకో వెళ్లిన నారాయణఖేడ్ ప్రాంత క్రైస్తవ కుటుంబాలను క్రిస్మస్ తర్వాత ఎక్కువగా ఊరికి రప్పించే రోజు ఇదే. గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. తర్వాత చర్చిలోకి వెళ్లి, నాన్న మగవాళ్ల వైపు ఎక్కడ కూర్చునేవాడో, అమ్మ ఏ మూల చాప పరుచుకునేదో పిల్లలకు చూపిస్తారు. కానుక కవరు మీద ‘మా నాన్న జ్ఞాపకార్థం’ అని రాసి ఇస్తారు. ఆరాధనలో ఆ పేరు చదివినప్పుడు కళ్లు తుడుచుకోని వాళ్లు తక్కువ.

ఇక్కడి వాళ్ల జ్ఞాపకాలు చాలావరకు పెద్దశంకరంపేట మీదుగా మెదక్ దాకా సాగుతాయి. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లే చర్చి అక్కడిదే.

1914లో మొదలైన మెదక్ చర్చి నిర్మాణం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దానికి పూనుకున్నారు. కరువులో పని లేక, తిండి లేక అల్లాడుతున్న జనానికి నిర్మాణంలో పని ఇచ్చి, కూలికి బదులు తిండి పెట్టారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంటల గోపురం చూసి సందర్శకులు ఆశ్చర్యపోతారు. గొప్పతనమంతా ఆ కొలతల్లోనే ఉందనుకుంటే పొరపాటే. పాస్నెట్ పేరు చరిత్రకెక్కింది. రాళ్లు మోసిన ఆడవాళ్ల, మగవాళ్ల పేర్లు వాళ్ల మనవల నోటనే మిగిలాయి.

లోపలి రంగుటద్దాల కిటికీలు మూడూ ఒకేసారి రాలేదు. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. అంటే తాత చిన్నప్పుడు చూసిన చర్చి, నాన్న చూసిన చర్చి, పిల్లలు చూస్తున్న చర్చి ఒకటి కావు. 1927కు ముందు అక్కడ ఒక్క కిటికీ బొమ్మా లేదు. ‘మా నాన్న ఈ కిటికీ కిందే నిలబడేవాడు’ అని ఎవరైనా చెబితే, ఏ కిటికీ అని అడగాలి. ఆ జవాబులో ఒక తరం వయసు తెలుస్తుంది. పగటి వెలుతురు ఉంటేనే ఆ బొమ్మలు కనబడతాయి కనుక చూడదలచినవారు పొద్దు వాలకముందే చేరుకోవాలి.

ఆ చర్చికి వెళ్లే నారాయణఖేడ్‌ది సరిహద్దు కథ. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. బీదర్ వైపు అమెరికా మెథడిస్టులు, మెదక్ వైపు ఇంగ్లండు వెస్లియన్లు పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ వైపు సంఘాలు అందులో కలిశాయి. బీదర్ మెథడిస్టులు విడిగానే ఉన్నారు. అందుకే ఇక్కడ వియ్యాలవారిలో ఒకరు ఒక సంఘం, మరొకరు మరో సంఘం అయినా ఆశ్చర్యం లేదు. కన్నడం, తెలుగు కలిసిన ఇళ్లలో తల్లి ప్రార్థన ఒక భాషలో, పిల్లల చదువు ఇంకో భాషలో సాగుతాయి.

ఈ కుటుంబ కథలు బిషప్పుల జాబితాల్లో దొరకవు. బాప్తిస్మ పత్రాల్లో, పెళ్లి ఫొటోల వెనక రాతల్లో, పాత బైబిలు మొదటి పేజీలో పుట్టుకల, చావుల తేదీల్లో ఉన్నాయి. 2024తో మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. ఆ ప్రతిష్ఠను కళ్లారా చూసిన తరం లేదు. వాళ్ల నోట విన్న పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లు. ఇది చదివే నారాయణఖేడ్ కుటుంబాలకు ఒక విన్నపం: వచ్చే సమాధుల పండుగకు ఊరొచ్చినప్పుడు పూలతో పాటు ఆ కాగితాలూ తీసుకురండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, అమ్మానాన్నల పేర్లు, ఊర్లు, పనులు రాయించి, ఒక ప్రతి మీ పాస్టరుగారికి ఇవ్వండి.