కర్ణనాదం: చెవి నుంచి మెదడు దాకా

బయట ఏ ధ్వనీ లేకున్నా ఈలగానో హోరుగానో వినవచ్చే శబ్దాన్ని ప్రాచీన వైద్యం కర్ణనాదమన్నది; సుశ్రుతసంహిత దానిని కర్ణరోగాలలో చేర్చి వాతదోషాన్ని కారణంగా చెప్పింది. ఆధునిక వైద్యం కారణాలను మార్చినా, వ్యాధిస్థానం చెవియేనన్న భావనను చాలాకాలం విడువలేదు. అయితే శ్రవణనాడిపై ఏర్పడే గడ్డల చికిత్సలో ఆ నాడినే ఖండించిన పిదప కూడా పలువురిలో ఆ నాదం ఆగకపోవడం శస్త్రవైద్యులను ఆలోచింపజేసింది. 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ దీనిని నాడీవ్యవస్థ సృష్టించే ఛాయాధ్వనిగా వివరించి, అన్వేషణను మెదడు వైపు మళ్లించాడు.

ఆ ఊహకు బలమైన ఆధారాలు 1998లో లభించాయి. అమెరికాలోని బఫెలోలో అలన్ లాక్‌వుడ్ బృందం, దవడ కదలికలతో తమ కర్ణనాదపు తీవ్రతను మార్చుకోగలిగిన నలుగురు రోగులను పెట్ స్కాన్‌తో పరిశీలించింది. ఒక చెవికి వినిపించిన ధ్వనికైనా మెదడు ఇరువైపులా స్పందిస్తుంది. కర్ణనాదం మారినప్పుడు మాత్రం మార్పు ఒకవైపునే కనబడినందున, ఆ నాదం లోపలి చెవిలోని కర్ణావర్తంలో పుట్టినది కాదని వారు తర్కించారు. అదే ఏడాది జర్మనీలో, మెదడు అయస్కాంత క్షేత్రాలను కొలిచిన హెర్టా ఫ్లోర్ ప్రభృతులు 10 మంది రోగులలో, కర్ణనాదపు స్థాయికి చెందిన స్వరస్థానం, మెదడులో ధ్వనిని గ్రహించే శ్రవణవల్కలంలో ఎంతగా జరిగితే నాదం అంత తీవ్రంగా ఉన్నదని ప్రకటించారు.

ఈ ఫలితాలు దారి చూపాయి. కాని పరీక్షితుల సంఖ్య స్వల్పం. పైగా కర్ణనాదంతో పాటు వినికిడి లోపమూ, శబ్దాన్ని సహించలేని తత్త్వమూ తరచుగా కలిసే ఉంటాయి గనుక, చిత్రంలో కనబడిన మార్పు వీటిలో దేనిదో విడదీయడం కష్టమైంది. ఎంఆర్‌ఐ స్కానర్ రొద కూడా శ్రవణ పరిశోధనకు అవరోధమే. 2010లో జెనిఫర్ మెల్చర్ బృందం, మధ్యమస్తిష్కంలోని అధిక స్పందన శబ్దాసహనానికి చెందినదని చూపింది. 2012లో గ్రోనింగెన్ పరిశోధకులు, వినికిడి దాదాపు సరిగా ఉన్న రోగులలో శ్రవణవల్కలంలోని స్వరస్థానాల పటం చెదరలేదని కనుగొన్నారు. పూర్వులు పొరబడ్డారనడం కంటే, వారు కొలిచిన దానిలో అనేక కారణాలు పెనవేసుకొని ఉన్నాయనడం న్యాయం.

నేడు బలపడిన అభిప్రాయం ప్రకారం, చెవి నుంచి సంకేతాలు క్షీణించినప్పుడు మెదడు తన స్పందనను హెచ్చించుకొంటుంది. ఆ నాదాన్ని దుస్సహం చేయడంలో అవధానానికీ ఉద్వేగానికీ సంబంధించిన భాగాలకు పాత్ర ఉన్నది. 2015లో, మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడులు అమర్చిన ఒక రోగిని పరిశీలించిన విలియం సెడ్లీ బృందానికి, నాదం తగ్గినప్పటి మార్పులు శ్రవణవల్కలాన్ని దాటి విస్తరించి కనబడ్డాయి.

ఈ పరిశోధనలు రోగి బాధ కల్పితం కాదని స్థిరపరిచాయి. అది వాటి ప్రధాన ఫలం. అయినా ఒక వ్యక్తి మెదడు చిత్రాన్ని చూసి కర్ణనాదాన్ని నిర్ధారించే పద్ధతి వైద్యశాలల్లో ఇంకా స్థిరపడలేదు. ఆ నిర్ధారణకు ఈనాటికీ రోగి మాటే ప్రమాణం.