ఆగస్టు 9న అందిన కాంస్యం

2012 ఆగస్టు 9. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ రోజే లండన్‌లోని ఎక్సెల్ ప్రాంగణంలో, ఒలింపిక్స్ చరిత్రలో మొట్టమొదటిసారి మహిళల బాక్సింగ్ ఫైనల్స్ జరిగాయి. 51 కేజీల విభాగంలో పతకాలు అందుకున్న నలుగురిలో ఒకరు మణిపుర్‌కు చెందిన కోమ్ తెగ ఆడబిడ్డ. ఆమె మెడలో పడింది కాంస్యం. ముందురోజు సెమీఫైనల్లో ఆమె ఓడిపోయింది. బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. అంటే అది ఓడిన మర్నాడు అందిన పతకం.

ఈ సంచికకు మేరీ కోమ్ గురించి రాద్దామనుకున్నప్పుడు, ఆమె పతకాల పట్టిక వేస్తే చాలు కదా అని మాలో కొందరన్నారు. పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. మా బాధ వేరే ఉంది. ఆశ్రమ పాఠశాలల నుంచి, గురుకులాల నుంచి మన పిల్లలు కరాటే, తైక్వాండో, బాక్సింగ్, విలువిద్య పోటీలకు వెళ్తున్నారు. గెలిచినవాళ్ళ ఫొటో సాయంత్రానికల్లా మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంది. ఓడినవాళ్ళు బస్సు దిగి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోతారు. మరుసటి ఏడాది వాళ్ళలో కొందరి పేర్లు జాబితాలోనే ఉండవు. ఎందుకు మానేశావని మనమూ అడగం. అందుకే ఈ వ్యాసంలో ఆమె గెలిచిన పోటీల కంటే ఓడిన పోటీలకే ఎక్కువ చోటిచ్చాం.

కోమ్‌లు చాలా చిన్న తెగ. 2011 లెక్కల్లో వాళ్ళ జనాభా పదిహేను వేల లోపే. మన దగ్గర కొన్ని గూడేలు కలిపితే అంతమంది ఉంటారు. చురాచాంద్‌పుర్ జిల్లా కాంగథేయి గ్రామంలో పుట్టిన ఈమె అసలు పేరు మాంగ్తే చుంగ్‌నేయ్‌జాంగ్. తల్లిదండ్రులు పోడు భూముల్లో పని చేసుకుని బతికినవాళ్ళు. పోడు అంటే ఏమిటో మీకు మేం చెప్పనక్కర్లేదు. చుంగ్‌నేయ్‌జాంగ్ అనే పేరు బయటివాళ్ళకు నోరు తిరగకపోవడంతో ఆమె మేరీ అయింది. హాస్టల్లో చేరిన రోజే పేరు మారిపోయినవాళ్ళు మనలోనూ ఉన్నారు.

1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డింకో సింగ్ బాక్సింగ్ స్వర్ణం గెలిచాడు. అతనూ మణిపుర్ వాడే, అనాథాశ్రమంలో పెరిగినవాడు. ఆ పోటీలకు అతన్ని మొదట జట్టులోంచి తప్పించి, తర్వాత చేర్చుకున్నారు. ఆ స్వర్ణం మణిపుర్ పిల్లల్ని గ్లౌజుల వైపు తిప్పేసింది. అప్పటిదాకా అథ్లెటిక్స్ చేస్తున్న మేరీ ఇంఫాల్ చేరి కోచ్ కోసనా మెయితెయి దగ్గర బాక్సింగ్ మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పలేదు. తండ్రి ఒకప్పుడు కుస్తీ పట్టినవాడే. అయినా ముఖానికి దెబ్బ తగిలితే పెళ్ళి కాదని ఆయన భయం. 2000లో ఆమె రాష్ట్ర చాంపియన్ అయినప్పుడు పత్రికలో ఫొటో పడింది. తండ్రికి సంగతి తెలిసింది ఆ ఫొటో చూశాకే.

మహిళల మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగింది. మేరీ 48 కేజీల ఫైనల్ దాకా వెళ్ళి టర్కీ బాక్సర్ చేతిలో ఓడింది. ప్రపంచ వేదిక మీద ఆమె కథ మొదలైంది రజతంతో, అంటే ఒక ఓటమితో. తర్వాత 2002లో అంతాల్యా, 2005లో పొదోల్స్క్, 2006లో ఢిల్లీ, 2008లో నింగ్బో, 2010లో బ్రిడ్జ్‌టౌన్, ఐదు చోట్లా స్వర్ణమే. మధ్యలో పెళ్ళయింది, కవలలు పుట్టారు, దాదాపు రెండేళ్ళు బరికి దూరంగా ఉంది. నింగ్బో స్వర్ణం తల్లయ్యాక వచ్చింది. చెప్పుకోవాలంటే ఈ పదేళ్ళే అందరికంటే ఎక్కువగా చెప్పుకోవాలి. కానీ అప్పట్లో దేశంలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లో లేదు, కాబట్టి టీవీలో లేదు, కాబట్టి లేనట్టే.

2009 ఆగస్టులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తలుపు తెరిచింది. కానీ పూర్తిగా కాదు. లండన్‌లో మగవాళ్ళకు పది బరువు విభాగాలు పెట్టి, ఆడవాళ్ళకు మూడే పెట్టారు: 51, 60, 75 కేజీలు. మేరీ అప్పటిదాకా గెలిచిన ప్రపంచ చాంపియన్‌షిప్ పతకాలన్నీ 45, 46, 48 కేజీల్లో వచ్చినవి. ఐదడుగుల రెండంగుళాల మనిషి. ఒలింపిక్స్ కావాలంటే కండ పెంచుకుని, తనకంటే పొడవైన, చేతులు ఎక్కువ దూరం సాగే వాళ్ళతో తలపడాలి. మూడు కేజులేగా అనిపిస్తుంది. సంచి మోసేవాడికి మూడు కేజీలు లెక్క కాదు. బాక్సర్‌కు మాత్రం అవే మూడు కేజీలు ఎదుటివాడి గుద్దు బరువును, తన అడుగు వేగాన్ని మార్చేస్తాయి. ఈ నియమం రాసిన గదిలో కాంగథేయి లాంటి ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరూ ఉండి ఉండరు. ఓటమిని చదివేటప్పుడు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలని మా అభిప్రాయం. కొన్నిసార్లు మనం ఓడేది మనిషి చేతిలో, కొన్నిసార్లు కాటా చేతిలో.

2012 మే నెలలో చైనాలోని చిన్‌హువాంగ్‌దావ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్పే లండన్‌కు అర్హత పోటీ. మేరీ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్‌కు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో ఓడింది. ఇక ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఆడమ్స్ సెమీస్ గెలిస్తేనే మేరీకి ఆసియా కోటాలో ఒలింపిక్ చోటు దక్కుతుంది. తనను ఓడించిన మనిషే గెలవాలని కోరుకుంటూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆడమ్స్ గెలిచింది. మేరీకి లండన్ టికెట్ దొరికింది.

లండన్‌లో మొదటి ప్రత్యర్థి పోలండ్‌కు చెందిన కరోలినా మిహల్‌చుక్, అంతకుముందు 54 కేజీల్లో ప్రపంచ చాంపియన్. మేరీ కింది నుంచి పైకి వచ్చింది, ఈమె పై నుంచి కిందికి దిగింది. మేరీ 19-14తో గెలిచింది. క్వార్టర్స్‌లో ట్యునీషియా బాక్సర్ మీద 15-6. ఆగస్టు 8న సెమీస్‌లో ఎదురుగా మళ్ళీ ఆడమ్సే. 6-11. ఆ రోజుల్లో కంప్యూటర్ మీటల పద్ధతి ఉండేది. గుద్దు తగిలిందనుకున్నప్పుడు జడ్జీలు మీట నొక్కితే పాయింట్లు లెక్కపడేవి. పొడవైన చేతులతో దూరం నుంచి తాకించేవాళ్ళకు అది బాగా కలిసొస్తుంది. అయినా, నిజం చెప్పుకోవాలి, ఆ రోజు ఆడమ్స్ మెరుగ్గా ఆడింది. మర్నాడు స్వర్ణమూ గెలిచింది.

ఆమె మీద 2014లో హిందీ సినిమా వచ్చింది. మనలో చాలామందికి ఆమె ముఖం అంటే ఆ సినిమాలోని నటి ముఖమే గుర్తొస్తుంది. ఈశాన్యం అమ్మాయికి ఆ పాత్ర ఎందుకివ్వలేదని అప్పుడే ప్రశ్న వచ్చింది, జవాబు రాలేదు. అదే ఏడాది గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల ట్రయల్స్‌లో ఆమె పింకీ జాంగ్రా చేతిలో ఓడి ఇంట్లోనే ఉండిపోయింది. కొన్ని నెలలకే ఇంచియాన్ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. అక్కడే ఆమె సాటి మణిపురి బాక్సర్ సరితా దేవి సెమీస్‌లో కొరియా బాక్సర్ చేతిలో ఓడినట్టు జడ్జీలు తేల్చారు. తీర్పు అన్యాయమని నమ్మిన సరిత, పతక ప్రదానంలో తన కాంస్యాన్ని మెడలో వేయించుకోకుండా చేత్తో తీసుకుని ఆ కొరియా అమ్మాయికే ఇచ్చేసింది. దానికి ఆమె ఏడాది నిషేధం అనుభవించింది. అన్యాయం జరిగితే ఎదిరించమనే మేమూ చెబుతాం. ఆ ఎదిరింపుకు ఎంత మూల్యం ఉంటుందో కూడా చెప్పకపోతే అది సగం మాటే.

2016లో మేరీ ప్రపంచ చాంపియన్‌షిప్ రెండో రౌండ్‌లోనే ఓడి రియో ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయింది. అప్పటికే రాజ్యసభ సభ్యురాలు కూడా. ఇక అయిపోయిందన్నారు. 2018 సెప్టెంబరులో ఒక టోర్నీ కోసం పోలండ్‌లో తెల్లవారుజామున దిగింది. 48 కేజీల తూకం ఉదయం ఏడున్నరకు. ఆమె రెండు కేజీలు ఎక్కువుంది. దాదాపు గంటసేపు ఆపకుండా స్కిప్పింగ్ చేసి, చెమట కార్చి, తూకంలో నెగ్గి, ఆ టోర్నీ స్వర్ణం గెలిచింది. (కోచ్, డాక్టర్ పక్కన లేకుండా మీరెవరూ ఇలా చేయకండి. ఒంట్లో నీరు తగ్గితే ప్రాణం మీదికొస్తుంది.) ఆ నవంబరులోనే ఢిల్లీలో ఉక్రెయిన్‌కు చెందిన హన్నా ఒఖోటాను ఓడించి ఆరోసారి ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి ఆమె ముగ్గురు మగపిల్లల తల్లి.

ఇక్కడ మన తెలుగు నేల కథ కలుస్తుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 51 కేజీల్లోనే ఆడేది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయి, 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆగిపోయి తిరిగొచ్చింది. టోక్యో అర్హత పోటీకి ట్రయల్స్ లేకుండానే మేరీని పంపబోతున్నారని తెలిసి, 2019 అక్టోబరులో న్యాయమైన ట్రయల్ పెట్టమని క్రీడల మంత్రికి లేఖ రాసింది. డిసెంబరులో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. చివర్లో నిఖత్ చేయి కలపబోతే మేరీ కలపలేదు. మేరీ మీద మాకెంత గౌరవమున్నా ఇది దాచం. ట్రయల్ అడగడం నిఖత్ హక్కు, ఆమె అడిగిన తీరులో తప్పు లేదు. ఓడాక నిఖత్ చేసింది చూడండి: 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. 2024 పారిస్‌లో మాత్రం రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడి కన్నీళ్ళతో బయటికొచ్చింది.

టోక్యోకు వస్తే, ప్రారంభోత్సవంలో జెండా పట్టింది మేరీ, హాకీ కెప్టెన్ మన్‌ప్రీత్ సింగ్. ఆమెకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. 2021 జులై 29న ప్రీక్వార్టర్స్‌లో కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వాలెన్సియా ఎదురైంది. ఆమెను మేరీ 2019 ప్రపంచ పోటీల్లో ఓడించింది. మొదటి రౌండ్‌ను ఐదుగురు జడ్జీల్లో నలుగురు వాలెన్సియాకు ఇచ్చారు. రెండో రౌండ్, మూడో రౌండ్ మేరీవి, 3-2 చొప్పున. మూడింట్లో రెండు రౌండ్లు గెలిస్తే మ్యాచ్ గెలిచినట్టే కదా అని మీకు అనిపిస్తుంది. కాదు. ప్రతి జడ్జీ మూడు రౌండ్ల మార్కులూ తన కార్డులోనే కూడుకుంటాడు. ఎక్కువ కార్డులు ఎవరివైపు ఉంటే వాళ్ళదే గెలుపు. అలా కూడితే ముగ్గురు వాలెన్సియా వైపు, ఇద్దరు మేరీ వైపు తేలారు. మొదటి రౌండ్‌లో నెమ్మదిగా మొదలుపెట్టినందుకు పడిన వెల అది. బరి దిగేటప్పుడు మేరీ తానే గెలిచాననుకుంది. డోపింగ్ పరీక్షకు తీసుకెళ్తున్నప్పుడూ సంతోషంగానే ఉంది. ఓడిన సంగతి ఆ తర్వాతే తెలిసిందని ఆమే చెప్పింది. ఆ తీర్పును ఆమె ఒప్పుకోలేదు. లెక్క మాత్రం నియమం ప్రకారమే జరిగింది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మరుసటి ఏడాది జూన్‌లో, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలో ట్రయల్స్. 48 కేజీల్లో హరియాణా అమ్మాయి నీతూతో పోటీ. మొదటి రౌండ్‌లోనే మేరీ మోకాలు మెలిపడి కింద పడింది. కట్టు కట్టించుకుని లేచి మళ్ళీ ఆడబోయింది. నిలబడలేకపోయింది. రెఫరీ పోటీ ఆపేశాడు. రెండు నెలల తర్వాత, 2018 కామన్వెల్త్ క్రీడల్లో మేరీ స్వర్ణం గెలిచిన అదే 48 కేజీల్లో, నీతూ బర్మింగ్‌హామ్ నుంచి స్వర్ణం తెచ్చింది.