పైమియో శానిటోరియం

పైమియో శానిటోరియం ఫిన్లాండు దేశపు నైరుతి భాగంలో, టుర్కు నగరానికి తూర్పున ఉన్న పైమియో పట్టణ సమీపంలో, పైన్ చెట్ల అడవి మధ్య నిర్మించబడిన పూర్వపు క్షయ చికిత్సాలయం. ప్రసిద్ధ ఫిన్లాండు వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో (1898–1976) దీనికి రూపకల్పన చేశాడు. 1933లో ఇది పూర్తయి రోగులకు అందుబాటులోకి వచ్చినది. క్షయకు మందు లేని ఆ రోజులలో భవనమే చికిత్సలో భాగం కావాలనే ఉద్దేశంతో దీని గదులు, కిటికీలు, దీపాలు, చివరకు తలుపు పిడులు కూడా రోగి అవసరాలను బట్టి తీర్చబడినవి. ఆసుపత్రి భవన నిర్మాణ చరిత్రలోను, 20వ శతాబ్దపు ఆధునిక వాస్తుకళలోను దీనికి ప్రముఖ స్థానం ఉన్నది.

నేపథ్యం

క్షయ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నాడు. కారణం తెలిసినప్పటికీ ఆ తరువాత 60 సంవత్సరాలకు పైగా దానిని చంపగల మందు దొరకలేదు. ఆ కాలంలో వైద్యులు సూచించిన మార్గం ఒక్కటే: పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి, సూర్యరశ్మి. వీటిని సమకూర్చడానికి ఊరికి దూరంగా, కొండలపైన లేక అడవులలో కట్టిన ప్రత్యేక ఆసుపత్రులనే శానిటోరియాలు అంటారు. రోగిని కుటుంబం నుండి వేరుచేసి ఇతరులకు వ్యాధి సోకకుండా చూడడం కూడా వీటి ఉద్దేశాలలో ఒకటి.

19వ శతాబ్దం మధ్యకాలంలో హెర్మన్ బ్రెహ్మర్ అనే వైద్యుడు గోర్బెర్స్‌డార్ఫ్‌లో (ప్రస్తుతం పోలండులో ఉన్నది) ఈ పద్ధతిని ఆరంభించాడు. తరువాత స్విట్జర్లాండులోని దావోస్ ఇటువంటి చికిత్సకు పేరు పొందినది. భారతదేశంలో కూడా ఇదే భావనతో శానిటోరియాలు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె సమీపాన ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం వాటిలో ఒకటి. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1910ల దశకంలో దానిని నెలకొల్పాయి.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఫిన్లాండులో క్షయ ప్రధాన మరణ కారణాలలో ఒకటిగా ఉండేది. ఒక్కొక్క పురపాలక సంఘం విడిగా ఆసుపత్రి కట్టుకొనే స్థితిలో లేనందున, నైరుతి ఫిన్లాండులోని పలు పురపాలక సంఘాలు ఉమ్మడిగా ఒక శానిటోరియం నిర్మించాలని నిర్ణయించాయి.

పోటీ మరియు నిర్మాణం

శానిటోరియం నమూనా కొరకు 1928లో వాస్తుశిల్పుల మధ్య పోటీ ప్రకటించబడినది. 1929 ఆరంభంలో వెలువడిన ఫలితాలలో ఆల్టో ప్రథమ స్థానం పొందాడు. అప్పటికి అతని వయస్సు 30 సంవత్సరాలు. దీనికి ముందు అతడు నెదర్లాండ్స్‌లోని హిల్వర్సుమ్‌లో యాన్ డైకర్ నిర్మించిన జోనెస్ట్రాల్ శానిటోరియాన్ని దర్శించాడు. కాంక్రీటు చట్రం, విశాలమైన గాజు కిటికీలు గల ఆ భవనపు ప్రభావం పైమియోలో కనిపిస్తుంది.

పోటీ ముగిసిన తరువాత మరికొన్ని పురపాలక సంఘాలు పథకంలో చేరాయి. పడకల సంఖ్య పెంచవలసి రావడంతో రోగుల విభాగానికి రెండు అంతస్తులు అదనంగా చేర్చబడినవి. ఆల్టో భార్య, వాస్తుశిల్పి ఐనో ఆల్టో (1894–1949) కూడా ఈ భవనపు సామగ్రి రూపకల్పనలో పాలుపంచుకొన్నది.

భవన విన్యాసం

పైమియో శానిటోరియం ఒకే పెద్ద కట్టడం కాదు. వేర్వేరు పనులకు వేర్వేరు విభాగాలు నిర్మించి, వాటిని నడవలతో కలిపారు. ఒక్కొక్క విభాగం తనకు కావలసిన వెలుతురును బట్టి వేరొక దిక్కుకు తిరిగి ఉన్నది. అందువలన పైనుండి చూస్తే విభాగాలు సమాంతరంగా కాక, విచ్చుకొన్నట్లుగా కనిపిస్తాయి.

* రోగుల విభాగం: ఇది పొడవైన, సన్నని ఆరంతస్తుల భవనం. గదులన్నీ నడవాకు ఒకే ప్రక్కన, దక్షిణ-ఆగ్నేయ ముఖంగా ఉన్నాయి. అందువలన ప్రతి గదికి ఉదయపు ఎండ లభిస్తుంది. నడవా ఉత్తరం వైపు ఉన్నది.
* ఎండ వసారాలు: రోగుల విభాగపు తూర్పు కొసన, దక్షిణానికి తిరిగి ఉన్నాయి.
* ఉమ్మడి విభాగం: భోజనశాల, గ్రంథాలయం, చికిత్స గదులు ఇందులో ఉన్నాయి.
* సేవా విభాగాలు: వంటశాల, సిబ్బంది గదులు, భవనమంతటికి వేడిని సరఫరా చేసే బాయిలర్ గది మొదలైనవి.

వైద్యుల ఇళ్ళు, సిబ్బంది నివాసాలు అడవిలో విడిగా నిర్మించబడినవి. శవాలను ఉంచే గదిని రోగుల కంట పడని విధంగా, చెట్ల మధ్య సగం భూమిలోకి ఉండేటట్లు కట్టారు. మరణం తరచుగా సంభవించే చోట ఇది చిన్న విషయం కాదు.

రోగి గది

ఒక్కొక్క గదిలో ఇద్దరు రోగులు ఉండేవారు. సామాన్యమైన గదిని నిలబడిన మనిషి కొరకు నిర్మిస్తారని, ఆసుపత్రి గదిని మాత్రం పడుకొన్న మనిషి కొరకు నిర్మించాలని ఆల్టో భావించాడు. తాను ఒకప్పుడు జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు ఈ తేడా తెలిసివచ్చిందని అతడు తరువాతి కాలంలో చెప్పాడు. నెలల తరబడి వెల్లకిల పడుకొనే రోగికి గోడల కంటే పైకప్పే ఎక్కువగా కనిపిస్తుంది. గదిలోని ఏర్పాట్లన్నీ ఈ దృష్టితోనే చేయబడినవి.

* కాంతి: పైకప్పు మధ్యలో దీపం అమర్చలేదు. రోగి తల వెనుక, అతని చూపుకు అందని చోట దీపం ఉంచారు. పైకప్పుకు కళ్ళకు శ్రమ కలిగించని ముదురు ఆకుపచ్చ రంగు వేశారు. గోడల రంగు అంతకంటే లేతగా ఉంటుంది.
* వేడి: వేడిమి పలకలు పైకప్పుకు అమర్చబడినవి. వేడి రోగి పాదాల వైపు ప్రసరిస్తుంది, తలకు నేరుగా తగలదు.
* గాలి: కిటికీలకు రెండు వరుసల అద్దాలు ఉన్నాయి. బయటి చల్లగాలి ఆ రెండింటి మధ్యగా ఏటవాలుగా ప్రయాణించి, కొంత వెచ్చబడి గదిలోకి వస్తుంది. అందువలన శీతాకాలంలో కూడా ఈదురు గాలి లేకుండా స్వచ్ఛమైన గాలి లభిస్తుంది.
* శబ్దం: ప్రతి రోగికి విడిగా చేతులు కడుగుకొనే తొట్టి ఉన్నది. నీటి ధార తొట్టి గోడను ఏటవాలుగా తాకేటట్లు దానిని మలిచారు. ఒకరు నీరు వాడుతున్నప్పుడు ప్రక్క మంచంలోని రోగికి నిద్రాభంగం కలుగదు.
* శుభ్రత: బీరువాలు నేలను తాకకుండా గోడకు బిగించబడినవి, కనుక వాటి క్రింద సులభంగా తుడవవచ్చును. కిటికీ వద్ద నేల గోడతో కలిసే చోట మూల లేకుండా వంపు తిప్పడం వలన దుమ్ము చేరదు.
* తలుపు పిడి: వైద్యుల పొడవైన కోటు చేతులు తగులుకొనకుండా పిడిని లోపలికి వంచారు.

ఇవన్నీ ఆనాటి సాంకేతిక పరిజ్ఞానంలో కొత్తవే. అయితే యంత్రాలు, గొట్టాలు రోగి కంటికి కనిపించకుండా, చెవికి వినిపించకుండా పని చేయడం ఈ భవనపు ప్రత్యేకత. భవనం ఒక వైద్య పరికరం వలె పని చేయాలన్నది ఆల్టో అభిప్రాయం.

ఎండ వసారాలు

విశ్రాంతి చికిత్సలో భాగంగా రోగులు రోజూ కొన్ని గంటలు ఆరుబయట పడుకొనేవారు. శీతాకాలంలో కూడా దళసరి దుప్పట్లు కప్పుకొని ఇది కొనసాగించేవారు. దీని కొరకు ప్రతి అంతస్తులోను ఒక పొడవైన వసారా, అన్నింటికి పైన ఒక డాబా నిర్మించబడినవి. ఈ వసారాలకు ముందువైపు స్తంభాలు లేవు. వెనుకనున్న ఒకే వరుస కాంక్రీటు స్తంభాల నుండి అవి ముందుకు పొడుచుకొని వచ్చి నిలుస్తాయి. అందువలన రోగికి, ఎదుటనున్న అడవికి మధ్య ఏ అడ్డూ ఉండదు. కోలుకొంటున్న వారు నడవడానికి అడవిలో కాలిబాటలు ఏర్పరచారు.

పైమియో కుర్చీ

ఈ శానిటోరియం కొరకు 1931–32లో తయారైన కుర్చీ పైమియో కుర్చీగా ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఆ కాలంలో ఆధునిక కుర్చీలకు ఉక్కు గొట్టాలు వాడేవారు. ఉక్కు తాకితే చల్లగా ఉండి రోగికి ఇబ్బంది కలిగిస్తుందని, వెలుతురును కళ్ళలోకి ప్రతిఫలింపజేస్తుందని భావించి ఆల్టో కర్రను ఎంచుకొన్నాడు. దీని ఆసనం, వీపు ఒకే వంచిన ప్లైవుడ్ పలకతో, చట్రం పొరలు పొరలుగా అతికించిన బర్చ్ కర్రతో చేయబడినవి. కూర్చున్న వ్యక్తి కొంత వెనుకకు వాలి, ఛాతీ విప్పారి, ఊపిరి సులభంగా తీసుకొనేటట్లు దీని వాలు నిర్ణయించబడినది. ఒట్టో కొర్హోనెన్ అనే వడ్రంగి పరిశ్రమ యజమాని సహకారంతో ఈ పద్ధతి అభివృద్ధి చెందినది. 1935లో ఆల్టో దంపతులు మరి ఇద్దరితో కలిసి స్థాపించిన ఆర్టెక్ సంస్థ ఈ కుర్చీని విక్రయించినది.

మందుల రాక

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ క్షయ చికిత్సకు అందుబాటులోకి వచ్చాయి. మొదట్లో మందులు వాడుతూనే రోగులను శానిటోరియాలలో ఉంచేవారు. అది అవసరమా అనే ప్రశ్నకు సమాధానం మద్రాసు నగరం నుండి వచ్చినది.

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో క్షయ మందుల చికిత్సా కేంద్రాన్ని ఆరంభించాయి (ప్రస్తుతం ఇది చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ). అక్కడ పేద కుటుంబాలకు చెందిన రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని శానిటోరియంలోను, రెండవ వర్గాన్ని ఇరుకైన తమ ఇళ్ళలోను ఉంచి ఒకే మందులతో ఏడాది పాటు చికిత్స చేశారు. 1959లో ప్రచురితమైన ఫలితాలలో రెండు వర్గాల వారు దాదాపు సమానంగా కోలుకొన్నట్లు తేలినది. ఇంట్లో చికిత్స పొందిన వారి వలన కుటుంబ సభ్యులకు అదనపు ప్రమాదం కూడా కనబడలేదు. మందులు సక్రమంగా వాడితే మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం లేకున్నా వ్యాధి నయమవుతుందని దీనితో స్పష్టమైనది. తరువాతి దశాబ్దాలలో ప్రపంచమంతటా శానిటోరియాలు మూతబడ్డాయి లేక ఇతర ఆసుపత్రులుగా మారాయి.

తరువాతి ఉపయోగం

పైమియో కూడా ఇదే బాట పట్టినది. 1950లలో శస్త్రచికిత్సా విభాగం చేర్చబడినది. 1960లలో ఎండ వసారాలను మూసివేసి గదులుగా వాడుకొన్నారు. క్రమంగా ఇది సాధారణ ఆసుపత్రిగా మారి, తరువాత టుర్కు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో భాగమైనది. ఆసుపత్రి తరలిపోయిన తరువాత 2010లలో పిల్లల పునరావాస సేవలకు ఉపయోగపడినది.

2014లో అమెరికాలోని గెట్టీ ఫౌండేషన్ ఇచ్చిన ఆర్థిక సహాయంతో ఆల్వార్ ఆల్టో ఫౌండేషన్ భవన పరిరక్షణ ప్రణాళికను తయారు చేసినది. 2018లో భవనం అమ్మకానికి పెట్టబడడంతో దాని భవిష్యత్తుపై ఆందోళన వ్యక్తమైనది. 2020లో దీని పరిరక్షణ కొరకు ప్రత్యేక ఫౌండేషన్ ఏర్పడినది. 2021లో ఆల్టో ఇతర కట్టడాలతో పాటు ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చబడినది.

ఆసుపత్రుల రూపకల్పనలో ప్రాముఖ్యత

క్షయను నయం చేసినది భవనం కాదు, మందులు. అయితే పైమియోలో పాటించిన సూత్రాలలో కొన్నింటికి తరువాతి పరిశోధనలు వేరే విధంగా బలం చేకూర్చాయి.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో 1972–1981 మధ్య పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రోగుల వివరాలను అతడు పరిశీలించాడు. వారిలో 23 మంది గది కిటికీ నుండి చెట్లు, మిగిలిన 23 మంది గది కిటికీ నుండి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు కనిపించిన వారు సగటున 7.96 రోజులలో, గోడ కనిపించిన వారు 8.70 రోజులలో ఇంటికి వెళ్ళారు. మొదటి వర్గం వారికి బలమైన నొప్పి మందుల అవసరం కూడా తక్కువైనది. ఇది చిన్న అధ్యయనమే అయినా, ఆధారాలను బట్టి ఆసుపత్రులను రూపొందించే పద్ధతికి నాంది పలికినది.

గాలి విషయంలో, పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రులలో జరిపిన అధ్యయనం 2007లో వెలువడినది. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచిన గదులలో గాలి గంటకు సుమారు 28 సార్లు మారగా, యంత్రాలతో గాలి సరఫరా చేసే గదులలో 12 సార్లు మారినది. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు గల పాతకాలపు భవనాలు కొత్త వాటికంటే మెరుగుగా ఉన్నట్లు తేలినది. మందులకు లొంగని క్షయ వ్యాపిస్తున్న కాలంలోను, 2020లో కోవిడ్-19 వచ్చిన తరువాతను ఈ విషయం మరింత ప్రాధాన్యత సంతరించుకొన్నది. ఆసుపత్రికి వచ్చిన రోగికి ఆసుపత్రి గాలి ద్వారానే మరొక వ్యాధి సోకకుండా చూడడం నేటి భవన రూపకల్పనలో ముఖ్యమైన అంశం.

యంత్రాలు, పరికరాలు నిండిన నేటి ఆసుపత్రులలో కూడా రోగి ఎక్కువ కాలం గడిపేది మంచం మీదనే. ఆ మంచం నుండి ఏమి కనిపిస్తుంది, ఏమి వినిపిస్తుంది, ఎటువంటి గాలి అందుతుంది అనే ప్రశ్నలతో రూపకల్పన మొదలుపెట్టిన తొలి ఆధునిక భవనాలలో ఒకటిగా పైమియో శానిటోరియం గుర్తించబడుతున్నది.

ఇవి కూడా చూడండి

* క్షయ
* ఆల్వార్ ఆల్టో
* ఆరోగ్యవరం
* ఫిన్లాండు