చనిపోయినవారిని బ్రతికించిన ఆట



పిల్లల ఆరోగ్యం అనగానే మనకు టీకాలు, పోషకాహారం, పరిశుభ్రమైన నీరు గుర్తుకు వస్తాయి. ఆట గురించి మాట్లాడినా అది పరుగు, వ్యాయామం వరకే. గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు, రాజు మంత్రి వేషాలు వంటి ఊహల ఆటలను వట్టి కాలక్షేపంగా భావిస్తాం. అటువంటి ఆట మనిషి జీవితంలో ఎంత పని చేయగలదో తెలిపే ఒక కుటుంబ చరిత్రను ఈసారి మీ ముందు ఉంచుతున్నాను. ఇది ఇంగ్లండులో సుమారు రెండు వందల ఏళ్ల క్రితం జరిగింది.

శ్మశానం పక్కన ఇల్లు

యార్క్‌షైర్ కొండప్రాంతంలో హావర్త్ అనే చిన్న ఊరు ఉంది. 1820లో పాట్రిక్ బ్రాంటీ అనే మతగురువు భార్యతో, ఆరుగురు పిల్లలతో అక్కడి చర్చి నివాసానికి వచ్చారు. ఇంటి ఎదుటే శ్మశానం. ఆ ఊరి ఆరోగ్య పరిస్థితిపై 1850లో బెంజమిన్ బాబేజ్ అనే అధికారి ఒక నివేదిక సమర్పించారు. దాని ప్రకారం అక్కడ మరణించినవారి సగటు వయసు 25.8 సంవత్సరాలు. ఆరేళ్లు నిండకుండానే కన్నుమూసిన పిల్లలు 41.6 శాతం. కలుషితమైన నీరు, మురుగు, చాలీచాలని మరుగుదొడ్లు ఇందుకు ముఖ్య కారణాలు.

బ్రాంటీ ఇల్లు కూడా మృత్యువు బారినుండి తప్పించుకోలేదు. 1821లో తల్లి మరణించింది. 1825 మే, జూన్ నెలల్లో పెద్ద కుమార్తెలు మరియా, ఎలిజబెత్ క్షయవ్యాధితో ఒకరి తరువాత ఒకరు చనిపోయారు. వసతి పాఠశాలలో జబ్బుపడి ఇంటికి వచ్చిన ఆ పిల్లల వయసు 11, 10 ఏళ్లు మాత్రమే. ఇక మిగిలినవారు నలుగురు: షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్.

పన్నెండు చెక్క సైనికులు

మరుసటి ఏడాది, 1826 జూన్‌లో, తండ్రి లీడ్స్ పట్టణం నుండి కొడుకు బ్రాన్‌వెల్ కోసం 12 చెక్క సైనికుల బొమ్మలు తెచ్చారు. అప్పటికి షార్లెట్‌కు పదేళ్లు, అందరిలో చిన్నదైన ఆన్‌కు ఆరేళ్లు. నలుగురూ తలా ఒక సైనికుణ్ణి ఎంచుకొని పేర్లు పెట్టారు. షార్లెట్ బొమ్మ వెల్లింగ్టన్, బ్రాన్‌వెల్ బొమ్మ నెపోలియన్ బోనపార్ట్.

ఆ బొమ్మలు సముద్రయానం చేసి, ఆఫ్రికా తీరంలో 'గ్లాస్ టౌన్' అనే నగరాన్ని కట్టుకున్నాయి. దానికి చరిత్ర, రాజకీయాలు, పత్రికలు అన్నీ ఏర్పడ్డాయి. పత్రికలు బొమ్మలు చదువుకోవాలి కనుక పిల్లలు వాటిని సుమారు రెండు అంగుళాల పరిమాణంలో, అతి సన్నని అక్షరాలతో రాసి, కుట్టి, పుస్తకాలుగా తయారుచేశారు. వాటిలో కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఈ ఆటలో ఒక విశేషం ఉంది. అరేబియన్ నైట్స్ కథలు చదివిన ఆ పిల్లలు తామే నలుగురు జీనీలమని చెప్పుకున్నారు. యుద్ధంలో సైనికులు చనిపోతే జీనీలు వచ్చి వారిని తిరిగి బ్రతికించేవారు. కిటికీలోంచి చూస్తే సమాధులు కనిపించే ఇంట్లో, తల్లినీ ఇద్దరు అక్కలనూ కోల్పోయిన పిల్లలు కల్పించుకున్న నియమమిది. వైద్యునిగా నన్ను ఎక్కువగా కదిలించిన విషయం కూడా ఇదే.

1920లో వెలువడిన ఒక గ్రంథంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ తన ఏడాదిన్నర మనుమడి ఆటను వర్ణించారు. తల్లి బయటికి వెళ్లినప్పుడు ఆ పసివాడు ఏడ్చేవాడు కాదు. దారం కట్టిన కండెను కనబడకుండా విసిరి, మళ్లీ లాక్కొని సంబరపడేవాడు. తన చేతిలో లేని ఎడబాటును ఆ బిడ్డ తన చేతిలోని ఆటగా మార్చుకున్నాడని ఫ్రాయిడ్ భావించారు. హావర్త్ పిల్లలు చేసినదీ అదేనని నా అభిప్రాయం.

ఆట తరువాత

ఈ ఆట బాల్యంతో ముగియలేదు. షార్లెట్, బ్రాన్‌వెల్ కలిసి ఆంగ్రియా అనే రాజ్యాన్ని, ఎమిలీ, ఆన్ కలిసి గోండాల్ అనే ద్వీపాన్ని సృష్టించారు. సుమారు 1839లో షార్లెట్ ఆంగ్రియాకు వీడ్కోలు చెబుతూ ఒక రచన చేసింది. 1847లో ఆమె 'జేన్ ఐర్', ఎమిలీ 'వదరింగ్ హైట్స్', ఆన్ 'ఆగ్నెస్ గ్రే' నవలలు వెలువడ్డాయి.

'జేన్ ఐర్'లో హెలెన్ బర్న్స్ అనే బాలిక వసతి పాఠశాలలో క్షయతో, స్నేహితురాలి పక్కనే పడుకొని, చనిపోతుంది. ఆ పాత్రకు తన అక్క మరియాయే ఆధారమని షార్లెట్ స్వయంగా చెప్పింది. నవలలో ఏ జీనీ వచ్చి హెలెన్‌ను బ్రతికించదు. అక్క మరణాన్ని ఉన్నది ఉన్నట్టుగా చెప్పడానికి షార్లెట్‌కు 22 ఏళ్లు పట్టింది.

అయితే ఊహల ఆట ఆడినవారందరూ గొప్పవారవుతారని చెప్పడం నా ఉద్దేశం కాదు. బొమ్మలు ఎవరి కోసం వచ్చాయో ఆ బ్రాన్‌వెల్ పెద్దయ్యాక కూడా ఆంగ్రియా కథానాయకుని పేరుతోనే పత్రికల్లో కవితలు ప్రచురించాడు. ఉద్యోగాలు పోయాయి. మద్యానికి, నల్లమందుకు బానిసై 1848లో 31 ఏళ్లకు మరణించాడు. అదే ఇల్లు, అవే బొమ్మలు, అదే ఆట. ఆట బిడ్డకు ఒక శక్తిని ఇస్తుంది. దానిని వాస్తవ జీవితానికి మళ్లించుకోవడానికి వేరే అండదండలు కూడా కావాలి.

నేను చేసిన పొరపాటు

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు ఒక పాప గుర్తుకు వచ్చింది. నేను పిల్లల వార్డులో పనిచేస్తున్న రోజుల్లో ఆమె తమ్ముడు విరేచనాలతో మరణించాడు. కొన్ని వారాలకు జ్వరంతో ఆ పాపనూ మా వద్దకే తెచ్చారు. కోలుకుంటున్న రోజున ఆమె గుడ్డబొమ్మను మంచం మీద పడుకోబెట్టి, ముఖం మీదికి తువ్వాలు కప్పి, కాసేపటికి తీసి "లేచాడు!" అంటూ నవ్వింది. మళ్లీ కప్పింది, మళ్లీ తీసింది. "అపశకునపు ఆటలేమిటే!" అని నాయనమ్మ బొమ్మను లాక్కుంది. నేను ఆమెను వారించలేదు సరికదా, "పెద్దవాళ్ల మాట వినమ్మా" అని పాపకే చెప్పాను. జ్వరం తగ్గించి పంపించాను గాని, ఆ పాప తనకు తాను చేసుకుంటున్న వైద్యాన్ని ఆపినవారిలో నేనూ ఒకణ్ణి.

కనుక మీకు నా మనవి ఇది. ఇంట్లో ఎవరైనా మరణించిన తరువాత, ఆసుపత్రి నుండి తిరిగి వచ్చిన తరువాత పిల్లలు సూదిమందులు, జబ్బులు, చావుల ఆట ఆడితే కసరకండి. దగ్గర కూర్చోండి. పిలిస్తే ఆటలో చేరండి. అడిగితే నిజం చెప్పండి. అదే ఆట వారాల తరబడి ఏమాత్రం మారకుండా సాగుతూ, ఆడిన తరువాత కూడా బిడ్డలో భయం తగ్గకపోతే, నిద్ర, తిండి చెడితే మాత్రం వైద్యుని సలహా తీసుకోండి.

ఖరీదైన బొమ్మలేవీ అవసరం లేదు. ఒక పాత గుడ్డ, కొంత సమయం, అడ్డు చెప్పని పెద్దవారు ఉంటే చాలు.