బొమ్మను ఎక్కడ నిలబెట్టాలి?

చరిత్ర రాసేవాళ్లకు ఉన్న ఒక వెసులుబాటు సైనిక బొమ్మలు చేసేవాళ్లకు లేదు. వాటర్లూ యుద్ధంలో సాయంత్రానికి ప్రష్యన్ సేనలు వచ్చి కలిశాయని రాస్తే వాక్యం పూర్తవుతుంది. ఎన్ని గంటలకు వచ్చాయి, ఏ ఊరి పక్కనుంచి వచ్చాయి, అప్పటికి ఎంతమంది చేరారు అన్నవి చెప్పకపోయినా పేరా ముందుకు సాగిపోతుంది. అదే యుద్ధాన్ని బల్ల మీద చూపించాలంటే ప్రతి బొమ్మకూ ఒక చోటు కావాలి, కోటుకు ఒక రంగు కావాలి, ముఖం ఏ దిక్కుకు ఉందో తేలాలి. తేలని సంగతిని దాటవేసే వీలు అక్కడ ఉండదు. అందుకే కొలత ప్రకారం సైనిక బొమ్మలు చేసి రంగులు వేయడాన్ని పిల్లల ఆటగానో, పెద్దల కాలక్షేపంగానో తీసిపారేయడం సరికాదని నా వాదన. చరిత్రను పరీక్షకు పెట్టే పద్ధతుల్లో అదీ ఒకటి. దీనికి గట్టి రుజువు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్న వాటర్లూ యుద్ధ నమూనా.

ఈ బొమ్మలు సాక్ష్యం కోసం పుట్టినవి కావన్నది నిజమే. ఈజిప్టులో అస్యూత్ దగ్గర మెసెహ్తి అనే అధికారి సమాధిలో దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి చెక్క సైనికులు దొరికారు. నలభై మంది ఈటెలవాళ్లు, నలభై మంది నూబియా విలుకాళ్లు బారులు తీరి ఉన్నారు. చనిపోయిన యజమానికి తోడుగా పెట్టిన బొమ్మలవి. మన విశాఖపట్నం ప్రాంతంలో 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో పోతపోసిన ఇత్తడి సిపాయిలు, ఏనుగులు ఆనాటి సైన్యం ఎలా ముస్తాబయ్యేదో నేటికీ చూపిస్తున్నాయి. జర్మనీలోని నురెంబర్గ్‌లో ఇది పూర్తిస్థాయి వృత్తి అయింది. 1770ల్లో హిల్‌పెర్ట్, 1839 నుంచి ఎర్నెస్ట్ హైన్రిచ్‌సెన్ అక్కడ తగరంతో రేకులాంటి పల్చని సైనికులను పోతపోశారు. పలకరాయి మీద బొమ్మను లోతుగా, తిరగేసి చెక్కి, రెండు రాళ్లను జతచేసి మధ్యలో కరిగిన లోహం పోసేవారు. అమ్మకం తూకం లెక్కన జరిగేది. 1893లో లండన్‌లోని బ్రిటన్స్ సంస్థ ఇంకో దారి పట్టింది. అచ్చులో పోసిన సీసం మిశ్రమం అంచుల దగ్గర గట్టిపడగానే మధ్యలో ఉన్నదాన్ని వెనక్కి ఒంపేసేవారు. లోపల బోలుగా ఉండడంతో లోహం తక్కువ పట్టింది, ధర తగ్గింది. ఈ చరిత్రంతా చూస్తే బొమ్మ అంటే ఆట వస్తువే కదా అనిపించడం సహజం. కానీ హిల్‌పెర్ట్‌కూ బ్రిటన్స్‌కూ మధ్య కాలంలోనే ఒక సైనికాధికారి బొమ్మల చేత వేరే పని చేయించాడు.

అతని పేరు విలియం సైబోర్న్. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్, ప్రష్యన్ సేనలు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించిన 1815 జూన్ 18 నాటి వాటర్లూ యుద్ధంలో అతను లేడు. 1830లో బ్రిటిష్ సర్వసేనాధిపతి లార్డ్ హిల్ ఆ యుద్ధానికి నమూనా తయారుచేయమని అతనికి అప్పగించాడు. సైబోర్న్ వెళ్లి యుద్ధభూమి నడుమనున్న లా హే సాంట్ అనే పొలం ఇంట్లో ఎనిమిది నెలలు మకాం పెట్టి నేలంతా కొలిచాడు. తర్వాత బతికి ఉన్న అధికారులకు ఉత్తరాలు పంపి ఇలా అడిగాడు. సాయంత్రం సుమారు ఏడు గంటలకు, ఫ్రెంచి ఇంపీరియల్ గార్డు గట్టు ఎక్కి వచ్చిన క్షణాన, మీ దళం ఏ వరుసలో ఉంది? మీ ఎదుట శత్రువు ఎలా నిలబడ్డాడు? ఈ పటం మీద గీసి పంపండి. మీ చుట్టూ చేలల్లో ఏ పంట ఉంది? చివరి ప్రశ్న వింతగా అనిపిస్తుంది గానీ నమూనా చేసేవాడికి అది తప్పనిసరి. చేను ఎత్తుగా ఎదిగి ఉందా, దున్ని వదిలేశారా అన్నది తెలియకుండా నేలకు రంగు వేయలేడు. అంతకుముందు పుస్తకాలు రాసినవాళ్లెవరూ ఇంత పట్టుదలగా ఇన్ని వివరాలు అడగలేదు. సుమారు 700 జవాబులు వచ్చాయి. ఒక యుద్ధం గురించి పాల్గొన్నవాళ్ల మాటలు అంత పెద్ద ఎత్తున పోగవడం అపూర్వం.

నమూనా పొడవూ వెడల్పూ ఇరవై అడుగుల దరిదాపుల్లో ఉంటాయి. మైలుకు తొమ్మిది అడుగుల కొలతలో నేలను పరిచాడు. ఆ లెక్కన మనిషి మూడు మిల్లీమీటర్లే ఉండాలి. అంత చిన్న బొమ్మను పోతపోసి కోటుకు రంగు వేయడం చాలా కష్టం. పైగా వెల్లింగ్టన్ తన సేనను చాటున దాచిన గట్టు, ఆ కొలతలో నేలతో సమానమైపోతుంది. అందుకని సైబోర్న్ నిలువు కొలతను సుమారు మూడింతలు పెంచి, ఇద్దరు సైనికులకు ఒక బొమ్మ చొప్పున 70 వేలకు పైగా బొమ్మలను నిలబెట్టాడు. ఇది మోసం అనేవాళ్లు ఈ కళలోని ఒక ప్రాథమిక సూత్రాన్ని గమనించాలి. నేడు 54 మిల్లీమీటర్ల బొమ్మకు రంగు వేసేవాళ్లు కూడా కోటు మడతల్లో నీడను, భుజాల మీద వెలుగును కుంచెతోనే వేస్తారు. అసలు మనిషి మీద వెలుతురు పరుచుకున్నట్టు అంత చిన్న బొమ్మ మీద పరుచుకోదు గనుక. కొలత తగ్గినప్పుడు కొన్నిటిని పెంచితేనే నిజం కంటికి ఆనుతుంది. పెంచినది ఏమిటో బాహాటంగా చెప్పినంతవరకు అందులో తప్పు లేదు.

అసలు చిక్కు ప్రష్యన్ల దగ్గర వచ్చింది. తనకు అందిన సాక్ష్యాలను బట్టి, ఆ ఏడు గంటల వేళకే ప్రష్యన్ సేనలు పెద్ద సంఖ్యలో యుద్ధభూమి మీద ఉన్నాయని సైబోర్న్ చూపించబోయాడు. గెలుపులో వాళ్ల వాటా ఎంత అన్నది దానితో కళ్లెదుట తేలిపోతుంది. వెల్లింగ్టన్ అంతరంగికుడు ఫిట్జ్‌రాయ్ సోమర్సెట్ దీనికి అభ్యంతరం చెప్పాడు. చివరికి సైబోర్న్ ప్రష్యన్ బొమ్మలను బాగా తగ్గించాడు. ఒత్తిడికి లొంగాడని కొందరు చరిత్రకారులు, కొత్త సాక్ష్యం చూసి మార్చుకున్నాడని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏది నిజమైనా ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పుస్తకంలో ఒక విశేషణంతో సర్దేయగల సంగతి, బల్ల మీదకు వచ్చేసరికి వేల బొమ్మలను తీయడమా ఉంచడమా అన్న ప్రశ్న అయింది. పెద్దలు ఉలిక్కిపడ్డారంటే ఆ బొమ్మలు ఆటవస్తువులు కావని వాళ్లకూ తెలుసు.

బొమ్మలు చరిత్రకు పరీక్ష అన్న ఈ వాదనకు రెండు గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది వెల్లింగ్టన్‌దే. యుద్ధ చరిత్ర నాట్యసభ చరిత్ర లాంటిదని, ఏది ఏ క్షణాన, ఏ వరుసలో జరిగిందో ఎవరూ చెప్పలేరని అతని అభిప్రాయం. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తుచేసుకున్న మాటలను నమ్మి బొమ్మను ఫలానా అంగుళంలో పెట్టడం లేని నిశ్చయాన్ని నటించడమే కదా అని అడగవచ్చు. రెండోది డబ్బు సంగతి. 1833లో ప్రభుత్వం నిధులు ఆపేయగా సైబోర్న్ అధికారుల దగ్గరే చందాలు అడిగాడు. చందా ఇచ్చినవాళ్ల దళాలకు పెద్దపీట వేశాడన్న నింద వచ్చింది. రెండూ తోసిపుచ్చదగినవి కావు. అయితే జ్ఞాపకం మసకబారడం, డబ్బు ప్రభావం చూపడం పుస్తకాలకూ ఉన్న జబ్బులే. తేడా ఏమిటంటే నమూనాలో ఆ తప్పు దాక్కోలేదు. ఒక దళాన్ని తప్పు చోట పెడితే పక్క దళానికి చోటు చాలదు. ఆ పక్క దళం అధికారి రాసిన ఉత్తరం వెంటనే అడ్డం తిరుగుతుంది. నిశ్చయంగా చెప్పినందువల్లనే దాన్ని తప్పని నిరూపించే వీలు దొరుకుతుంది.

సైనిక బొమ్మలు యుద్ధాన్ని ముద్దుగా చూపిస్తాయన్న మాట కూడా కొట్టిపారేయలేం. ఇస్త్రీ చెదరని కోట్లతో అలమరాలో కవాతు చేసే బొమ్మలు నెత్తురును మరపిస్తాయి. వాటర్లూలో ఒక్కరోజులో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 40 వేలకు పైనే. కానీ ఆ అంకె చదివినప్పుడు కలగని గ్రహింపు, అంత ఇరుకైన నేల మీద అన్ని వేల బొమ్మలు కిక్కిరిసి ఉండడం చూసినప్పుడు కలుగుతుంది. ఫిరంగి గుండు ఒక్కటి పడితే ఎంతమంది కూలుతారో లెక్క కట్టనక్కర్లేకుండా అర్థమవుతుంది.

1838లో నమూనాను లండన్ ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శనకు పెడితే సుమారు లక్ష మంది చూశారు. సైబోర్న్‌కు మాత్రం అప్పులు తీరలేదు, 1849లో మరణించాడు. ఆ ఉత్తరాల్లో కొన్నిటిని అతని కొడుకు 1891లో అచ్చు వేయించాడు. తర్వాత వాటర్లూ మీద రాసిన ప్రతి చరిత్రకారుడూ వాటిని వాడుకోక తప్పలేదు. నమూనాలో ప్రష్యన్లు తగ్గారని వాదించేవాళ్లకు ఆధారం కూడా ఆ నమూనా కోసం సాగిన ఉత్తరప్రత్యుత్తరాలే. తన తప్పును పట్టిచ్చే సాక్ష్యాన్ని తానే పోగుచేసి పెట్టిన పని అది. చిన్న బొమ్మ కోటుకు ఏ రంగు వేయాలో తేల్చుకోవడానికి పాత దస్తావేజులు వెతికేవాళ్లు నేటికీ అదే దారిలో ఉన్నారు. తమ బొమ్మ పక్కన తాము నమ్మిన ఆధారమేదో, ఊహించి వేసింది ఎంతో రాసి పెట్టగలిగితే, వాళ్ల పనికి చరిత్ర రచన పక్కన కూర్చునే హక్కు పూర్తిగా ఉంటుంది.